పుదూరు పూజారి గారి అబ్బాయి: అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ స్మరణ ప్రసంగం

(నెల్లూరులో న్యాయవాదులు, లా విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, మా సీనియర్లకు, ఇళ్లలో పనులు పక్కన పెట్టి వచ్చిన అమ్మలకు, వెనకాల నిలబడ్డ లా కాలేజీ పిల్లలకు. బాబూ, ఇటు ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి గురించి చెప్పమన్నారు. రాజ్యాంగం ముసాయిదా రాసిన ఏడుగురిలో ఆయన ఒకరు. అది పుస్తకాల్లో ఉంది, మీరంతా చదివారు. కానీ ఒకటి అడుగుతాను. ఆయన మన జిల్లావాడని మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, కొన్నే లేచాయి. పేరు చివర అయ్యర్ అని ఉండేసరికి తమిళాయన అనుకుంటాం. మద్రాసులో బతికారు, మద్రాసులో పోయారు, కాబట్టి వాళ్లవాడు అని వదిలేశాం. ఆయన పుట్టింది మన నేల మీద.

1883 మే 14న పుట్టారు. ఊరు పుదూరు, అప్పటి నెల్లూరు జిల్లా. తండ్రి ఏకామ్ర శాస్త్రి గారు, గుడి పూజారి. పూజారి ఇల్లంటే ఎలా ఉంటుందో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకి నేను చెప్పాలా? ఊళ్లో గౌరవం ఉంటుంది. ఇంట్లో డబ్బు ఉండదు. పండగ రోజుల్లో ఇల్లు కళకళలాడుతుంది, మిగతా రోజుల్లో పళ్లెంలో పడే దక్షిణ ఎంతో, ఆ పూట వంట అంత. అలాంటి ఇంట్లోంచి ఒక పిల్లవాడు 1899లో మెట్రిక్యులేషన్ పాసై, మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లాడు. చదివింది చరిత్ర. లా క్లాసులకి వెళ్లింది ఖాళీ సమయంలో. మళ్లీ చెప్తున్నాను, ఖాళీ సమయంలో! తరవాత ఈ దేశానికి రాజ్యాంగం రాసిన మనిషి, న్యాయశాస్త్రం చదువుకున్నది తీరిక దొరికినప్పుడు.

ఆ తరవాత జరిగింది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే బిరుదుల పట్టిక చదవడానికి నేను రాలేదు. మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు. దివాన్ బహదూర్. 1929లో మద్రాసు అడ్వొకేట్ జనరల్. 1932లో సర్ బిరుదు. 1944 దాకా అదే పదవి, అంటే పదిహేనేళ్లు. ఒక ప్రభుత్వ ప్లీడరు ఒక సర్కారు మారేదాకా ఉంటే చాలనుకుంటాం మనం. ఆయన పదిహేనేళ్లు ఉన్నారు. జస్టిస్ పార్టీ మంత్రివర్గాలు వచ్చాయి, పోయాయి. కాంగ్రెసు వచ్చింది, రాజీనామా చేసింది. గవర్నరు పాలన వచ్చింది. ఆయన ఆ గదిలోనే కూర్చుని సర్కారుకి న్యాయసలహా ఇచ్చారు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది మొదలుపెడతాను. ఆయన ఇల్లు.

మైలాపూరులో పెద్ద ఇల్లు కట్టుకున్నారు. ప్రాక్టీసు బాగా ఉన్న మద్రాసు వకీళ్లందరూ కట్టుకున్నారు, అందులో వింత లేదు. దానికి ఏం పేరు పెట్టారు? ఏకామ్ర నివాస్. పుదూరు పూజారి గారి పేరు. దొరలు, జమీందార్లు, దివాన్లు, జడ్జీలు, అందరూ ఆ గేటు దాటి లోపలికి రావలసినవాళ్లే. వచ్చిన ప్రతివాడూ ముందు ఆ పేరు చదవాలి. మా నాన్న ఎవరో మీకు తెలియాలి అని ఆ మనిషి అనుకున్నాడని నాకు అనిపిస్తుంది. పైకొచ్చాక తల్లిదండ్రుల్ని ఊళ్లో ఉంచేసి, నెలనెలా డబ్బు పంపి, అడిగినవాళ్లకి "నాన్నగారు వ్యవసాయం చూసుకుంటారు" అని సర్దిచెప్పే కొడుకులు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఈ రోజుల్లోనూ ఉన్నారు. ఈయన నాన్న పేరు గోడమీద రాయించాడు.

ఆ కాలంలో వకీలు ఇల్లంటే ఆఫీసు కూడా అదే. పిల్లలు నిద్ర లేచేసరికి వరండాలో కక్షిదారులు కూర్చుని ఉంటారు. గుమాస్తా బల్లమీద కట్టలు విప్పుతుంటాడు. జూనియర్లు పుస్తకాలు వెతుకుతుంటారు. వీళ్లందరికీ కాఫీ ఎవరిస్తారు? ఊరినుంచి కేసు పని మీద వచ్చినవాడు రాత్రి బండి దొరక్కపోతే అరుగుమీద పడుకుంటే, వాడికి అన్నం ఎవరు పెడతారు? ఇక్కడ కూర్చున్న అమ్మలకి జవాబు తెలుసు. ఒక వకీలు గొప్పవాడయ్యాడంటే ఆ వంటింట్లో ఎవరో తెల్లారకముందే లేచారని అర్థం. ఆ మాట మన స్మరణ సభల్లో ఎవరూ అనరు, అందుకే నేను అంటున్నాను.

సరే, అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలు ఏమయ్యారు? ఒక కొడుకు, అల్లాడి కుప్పుస్వామి గారు, న్యాయవాది అయ్యారు, జడ్జి అయ్యారు, 1980ల మొదట్లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తండ్రి జీవితచరిత్ర రాసింది కూడా ఆయనే. మీరు ఆలోచించండి. ప్రధాన న్యాయమూర్తి స్థాయికి వెళ్లిన మనిషికి తన గురించి రాసుకోవడానికి బోలెడంత ఉంటుంది. ఆయన కూర్చుని నాన్న గురించి రాశారు. ఇంట్లో ఎప్పుడూ కనపడని తండ్రి గురించి ఏ కొడుకైనా ఒక పుస్తకం రాస్తాడా?

ఇంకో కొడుకు అల్లాడి రామకృష్ణన్ గారు. 1923లో పుట్టారు. ఈయన సంగతి నాకు మరీ ఇష్టం. లా కూడా చదివారు. అంత పెద్ద ఆఫీసు, అన్ని లా రిపోర్టులు, తండ్రి పేరు చెబితే వచ్చే బ్రీఫులు, అన్నీ చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. ఆయన ఫిజిక్సు వైపు వెళ్లిపోయారు, హోమీ భాభా దగ్గరికి. ఇక్కడ ప్లీడర్లు చాలామంది ఉన్నారు, గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి. మీ ఆఫీసు చూసుకోవలసిన కొడుకు రేపు వచ్చి "నాన్నా, నేను కాస్మిక్ కిరణాల మీద పని చేస్తాను" అంటే మీకు టెన్షన్ రాదా?

తరవాత ఆ ఇల్లే ఏమైందో వినండి. తండ్రి పోయాక, 1950ల చివర్లో, రామకృష్ణన్ గారు తన విద్యార్థుల్ని పోగేసి ఏకామ్ర నివాస్‌లో థియరిటికల్ ఫిజిక్సు సెమినార్లు నడిపారు. అది యూనివర్సిటీ కాదు, సొంత ఇల్లు! 1960లో నీల్స్ బోర్ మద్రాసు వచ్చారు. పరమాణువు నిర్మాణం చెప్పిన బోర్. ఈ పిల్లల పని చూసి ఆయన మెచ్చుకున్నారు, ఆ మెప్పు నెహ్రూ గారి దాకా వెళ్లింది. అప్పటి మద్రాసు విద్యామంత్రి సి. సుబ్రహ్మణ్యం గారు పట్టించుకున్నారు. 1962 జనవరి 3న మాట్‌సైన్స్ అనే పరిశోధన సంస్థ మొదలైంది. ఇప్పటికీ చెన్నైలో ఉంది, ప్రపంచం ఎరిగిన సంస్థ. పుదూరు పూజారి గారి పేరున్న ఇంట్లోంచి పుట్టింది అది. మనవడు, తాతగారి పేరే పెట్టుకున్న కృష్ణస్వామి అల్లాడి గారు, అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో గణితం ఆచార్యులు, సంఖ్యా సిద్ధాంతంలో (నంబర్ థియరీలో) పేరున్నవారు. నాలుగు తరాలు చూడండి. గుడి, కోర్టు, ఫిజిక్సు, గణితం. ఏ తరమూ తన తరవాతి తరాన్ని కట్టిపడెయ్యలేదు.

ఇంటి సంగతి ఇంతసేపు ఎందుకు చెప్తున్నావయ్యా, రాజ్యాంగం గురించి చెప్పు అంటారేమో. చెప్తాను. ఆయన రాజ్యాంగ సభలో మాట్లాడినవి చదువుతుంటే ఆ పుదూరు ఇల్లు నాకు కనిపిస్తూనే ఉంటుంది.

1947 ఆగస్టు 29న డ్రాఫ్టింగ్ కమిటీ వేశారు. ఏడుగురు. అంబేద్కర్ గారు, అల్లాడి, గోపాలస్వామి అయ్యంగార్, మున్షీ, సాదుల్లా, మిత్తర్, ఖైతాన్. మిత్తర్ గారు తప్పుకుంటే వచ్చినాయన ఎవరు? ఎన్. మాధవరావు గారు, మైసూరు దివానుగా చేసినాయన, పుట్టింది మచిలీపట్నంలో. అంటే ఆ కమిటీలో తెలుగు నేల మీద పుట్టినవాళ్లు ఇద్దరు. ఇది కూడా రాసుకోండి పిల్లలూ, పరీక్షలో రాకపోయినా రాసుకోండి. అల్లాడి గారికి అప్పటికి అరవై నాలుగేళ్లు. మద్రాసు నుంచి ఢిల్లీకి రైల్లో రెండు రోజుల దారి.

ముసాయిదా భారమంతా చివరికి అంబేద్కర్ గారి మీదే పడిందని టి.టి. కృష్ణమాచారి గారు సభలోనే చెప్పారు. అది నిజం. దాన్ని తగ్గించి అల్లాడి గారిని పెంచాలని నేను ఇక్కడికి రాలేదు. కానీ అంబేద్కర్ గారు ఏమన్నారు? 1949 నవంబరు 25న, ఆ చివరి గొప్ప ప్రసంగంలో, నన్ను కమిటీ అధ్యక్షుడిగా ఎన్నుకున్నప్పుడు ఎంతో ఆశ్చర్యపోయాను, అందులో నాకన్నా పెద్దవారు, నాకన్నా మెరుగైనవారు, నాకన్నా సమర్థులు ఉన్నారు, నా మిత్రుడు సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ లాంటివారు అన్నారు. పేరు పెట్టి అన్నారు. అంబేద్కర్ గారు మొహమాటానికి ఒకరిని పొగిడే మనిషి కాదు. ఒక పూజారి కొడుకు గురించి, గుడిలోకి రానివ్వని కులంలో పుట్టిన మహా పండితుడు అన్న మాట అది. ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని వాక్యం వాక్యం దిద్దారు.

ఇప్పుడు ఓటు సంగతి. బ్రిటిషువాళ్లు తెచ్చిన 1935 చట్టం కింద ఎవరికి ఓటు ఉండేది? ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికి. మిగతావాళ్లు, అంటే దేశంలో ఎక్కువమంది, చూస్తూ ఉండాలి. 1951 లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. అలాంటి దేశంలో ఒక్కసారిగా అందరికీ ఓటు ఇద్దామా? చదువుకున్న పెద్దలు చాలామంది జంకారు.

అల్లాడి గారు ఎవరు? పాతికేళ్లకు పైగా జమీందార్ల బ్రీఫులు, సర్కారు బ్రీఫులు చూసిన మనిషి. బ్రిటిషువాడు సర్ అన్న మనిషి. ఆయన భయపడతారని కదా అనుకుంటాం? 1949 నవంబరు 23న లేచి ఆయన చెప్పింది ఇది. ప్రజల్లో ఎక్కువమందికి చదువు లేకపోయినా, సామాన్యుడి మీద నిండు నమ్మకంతో ఈ సభ వయోజన ఓటు హక్కును ఒప్పుకుంది. ఆ ఓటుమీద నిలబడిన ప్రభుత్వమే సామాన్యుడికి వెలుగునిస్తుంది, వాడి బతుకుని బాగుచేస్తుంది. ఇదీ ఆయన మాటల సారం. చదువొచ్చాక ఓటిద్దాం అనలేదు. ఓటే చదువు తెస్తుంది అన్నారు.

సామాన్యుడు! ఆ మాట అల్లాడి గారి నోట వచ్చినప్పుడు ఆయన కళ్లముందు ఎవరున్నారు? నాకైతే పుదూరు కనిపిస్తుంది. ఆ గుడికి వచ్చే రైతులు, ఆ ఊరి కూలీలు, ఆ ఊరి ఆడవాళ్లు. తరవాత రెండేళ్లకి, 1951-52లో, మొదటి ఎన్నికలకి ఓటర్ల జాబితాలో 17 కోట్లమందికి పైగా ఉన్నారు.

పౌరసత్వం మీద చర్చ కూడా చెప్పాలి. 1949 ఆగస్టు. దేశం రెండు ముక్కలై రెండేళ్లు. రైళ్లలో శవాలు వచ్చిన జ్ఞాపకం అందరికీ పచ్చిగా ఉంది. సభలో కొందరు సభ్యులు గట్టిగా అడిగారు, మతాన్ని బట్టి పౌరసత్వం ఇవ్వండి అని. ఆగస్టు 12న అల్లాడి గారు లేచారు. కావాలని వేరే దేశాన్ని ఎంచుకుని వెళ్లిపోయినవాడికీ, ఈ దేశంతో బంధం నిలుపుకోవాలనుకున్నవాడికీ మధ్య తేడా చూడొచ్చు, కానీ జాతిని బట్టో మతాన్ని బట్టో మనిషికీ మనిషికీ తేడా చూపలేము అన్నారు. లౌకిక రాజ్యానికి మాటిచ్చాం, ఆ మాట మీద ఉండాలి అన్నారు. ఆయన సంధ్యావందనం ఇంట్లో పెరిగిన మనిషి, ఇంటికి శివుడి పేరున్న తండ్రి పేరు పెట్టుకున్న మనిషి. తన మతాన్ని తన ఇంట్లో భద్రంగా ఉంచుకున్నాడు కాబట్టే దాన్ని చట్టంలోకి తోయాల్సిన అవసరం ఆయనకి రాలేదని నా నమ్మకం. నేను ఈ పేజీ మా జూనియర్లతో బిగ్గరగా చదివిస్తుంటాను.

అన్నింటిలోనూ ఆయన మాటే సరైనదని నేను అనను. రెండు చోట్ల నేను ఆయనతో ఏకీభవించను, అది కూడా ఈ సభలోనే చెప్పాలి.

ఒకటి, 21వ అధికరణం. మనిషి ప్రాణం, స్వేచ్ఛ తీసెయ్యాలంటే అమెరికాలోలాగా "డ్యూ ప్రాసెస్" ఉండాలని చాలామంది అన్నారు. అంటే చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం న్యాయంగా కూడా ఉందా అని కోర్టు చూడొచ్చు. అల్లాడి గారు వద్దన్నారు. ఆయన భయం ఏమిటి? అమెరికాలో ఆ ఒక్క మాట పట్టుకుని కోర్టులు కూలీల కోసం తెచ్చిన చట్టాల్ని కొట్టేశాయి. ఇక్కడ రేపు జమీందారీ రద్దు చేస్తే, కౌలు చట్టం తెస్తే, అదే గతి పట్టదా? ముగ్గురో అయిదుగురో జడ్జీలు కూర్చుని శాసనసభ చేసింది తుడిచెయ్యరా? భయం నిజమైనదే. ఆయన మంచికే చెప్పారు. కానీ దాని ఫలితం 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో చూశాం. విచారణ లేకుండా లోపల పెట్టిన మనిషి సుప్రీంకోర్టుకి వెళితే, చట్టం ఉందిగా, చాలు అన్నారు. చట్టం న్యాయంగా కూడా ఉండాలని కోర్టు చెప్పిన 1978 మేనకా గాంధీ కేసు దాకా ఆ తలుపు సరిగ్గా తెరుచుకోలేదు. మధ్యలో ఎమర్జెన్సీ గడిచింది. ఇక్కడ పెద్దలకి ఆ రోజులు గుర్తున్నాయి.

రెండోది, మద్రాసు కమ్యూనల్ జీవో కేసు. కాలేజీల్లో ప్రతి 14 సీట్లకి కులాలవారీగా వాటా పెట్టిన జీవో. చంపకం దొరైరాజన్ కేసు అంటారు, మీరంతా చదువుకున్నదే. దాంతో కలిపి విన్న ఇంజనీరింగు విద్యార్థి కేసులో విద్యార్థి తరఫున మద్రాసు హైకోర్టులో వాదించింది అల్లాడి గారే. గెలిచారు. 1951లో సుప్రీంకోర్టు కూడా జీవో చెల్లదంది. అదే ఏడాది పార్లమెంటు మొదటి సవరణ తెచ్చి 15(4) చేర్చింది, వెనకబడినవాళ్లకి దారి మళ్లీ తెరిచింది. రాజ్యాంగం రాసిన మనిషిగా అక్షరం ఏం చెబుతోందో అది వాదించారు. మన పిల్లల్లో ఎంతమంది చదువుకోగలిగారో చూసుకుంటే, ఆ సవరణ రావడమే మంచిదైంది అంటాను నేను.

ఇంకొక్కటి చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. 1951. హిందువుల పెళ్లి, ఆస్తి చట్టాల్ని మార్చే హిందూ కోడ్ బిల్లు మీద రాజేంద్రప్రసాద్ గారికి తీవ్రమైన అభ్యంతరం. రాష్ట్రపతిగా, మంత్రివర్గం సలహాతో పని లేకుండా, నా సొంత ఆలోచన ప్రకారం నడుచుకోవచ్చా అని నెహ్రూ గారికి రాశారు. నెహ్రూ గారు ఎవర్ని అడిగారు? అటార్నీ జనరల్ సెతల్వాడ్ గారిని, మన అల్లాడి గారిని. రాజేంద్రప్రసాద్ అంటే ఎవరు? మూడేళ్లు రాజ్యాంగ సభ నడిపినాయన. అల్లాడి గారు ఆ కుర్చీ ముందు నిలబడి మాట్లాడినవారే. పెద్దాయన, పైగా రాష్ట్రపతి. ఏదో మధ్యేమార్గంగా రాసి పంపొచ్చు కదా? మనలో ఎంతమందిమి అలాంటి ఒపీనియన్లు రాయలేదు, అటూ ఇటూ కాకుండా? ఆయన స్పష్టంగా రాశారు. కుదరదు. ఇంగ్లండు రాజు మంత్రుల సలహాకి ఎలా కట్టుబడతాడో మన రాష్ట్రపతీ అంతే. లేకపోతే రాజ్యాంగం కట్టడమే తలకిందులవుతుంది. ఆ సలహా నిలిచింది. 1976లో 42వ సవరణ వచ్చి 74వ అధికరణంలో ఆ మాట నేరుగా రాసేదాకా, పాతికేళ్లు ఆ అవగాహన మీదే దేశం నడిచింది. హిందూ ఆడపిల్లలకి ఆస్తి హక్కు తెచ్చిన చట్టాలకి తరవాత రాష్ట్రపతి భవన్‌లో అడ్డు రాలేదంటే, అందులో ఆ ఒపీనియన్‌కీ పాత్ర ఉందని నా నమ్మకం. దానికి ఫీజు ఎంత అనకండి. దాని విలువ మీ చెల్లెళ్లని అడగండి.

ఇక చివరి రోజులు. 1952లో పొట్టి శ్రీరాములు గారు, ఆయనా మన నెల్లూరు మనిషే, మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న ప్రాణం వదిలారు. ఆ ఇల్లు ఎక్కడ? మైలాపూరులో. ఏకామ్ర నివాస్ ఉన్న మైలాపూరు. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం మొదలైంది. అక్టోబరు 3న అల్లాడి గారు కన్నుమూశారు. డెబ్భై ఏళ్లు. తెలుగు రాష్ట్రం పుట్టిన మూడో రోజు. ఊరేగింపులు, జెండాలు, ప్రకాశం గారి మంత్రివర్గం, ఆ సందడిలో మనవాళ్లకి ఆ కబురు సరిగ్గా వినపడలేదేమో అనిపిస్తుంది నాకు. శ్రీరాములు గారి పేరు జిల్లాకి పెట్టుకున్నాం, పెట్టుకోవలసిందే. అల్లాడి గారి పేరు మన కోర్టు ఆవరణలో ఒక గదికైనా ఉందా?

అందుకని పెద్దలకి ఒక విన్నపం చేసి ముగిస్తాను. విగ్రహం వద్దు, దానికి చందాలూ వద్దు. మన బార్ లైబ్రరీలో ఆయన ఫొటో ఒకటి పెడదాం, కింద పుదూరు అని ఊరి పేరు రాయిద్దాం. పక్కన రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు ఉంచుదాం. కొనలేమంటే, అవి పార్లమెంటు వెబ్‌సైటులోనే ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీయించుకోవచ్చు. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. పిల్లలూ, మీరు మొదట 1949 ఆగస్టు 12 తీయండి, తరవాత నవంబరు 23. ఇంగ్లీషు కష్టంగా ఉంటే సాయంత్రం ఆరు తరవాత మా ఆఫీసుకి రండి, కూర్చుని చదువుదాం.

ఎవరికైనా ఏమైనా అడగాలనుంటే ఇప్పుడు అడగండి. ఆ చివరి బెంచీలో చెయ్యెత్తిన అమ్మాయి, నువ్వు ముందు అడుగు తల్లీ.